పనిబట్ట గడప దాటరాదు

శ్రావణమాసం ప్రవేశించినది మొదలు దీపావళి వెళ్ళేవరకు మన మధ్యతరగతి ఇళ్ళలో చేతిపనుల కాలం. వరలక్ష్మీవ్రతానికి కలశాలంకరణ, వినాయక చవితికి మట్టి ప్రతిమ, బతుకమ్మకు రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టిన గునుగు పూలు, దీపావళికి రంగులద్దిన ప్రమిదలు, ఒకటి ముగియకముందే మరొకటి మొదలవుతుంది. ఈ మూడు నెలలూ రుద్రారంలో నా వద్దకు వచ్చే గృహిణులు తమ అనారోగ్యంతో పాటు ఒక ప్రశ్నను కూడా తప్పక వెంట తెస్తారు. "చీరకు రంగు అంటినది, పోయే ఉపాయం ఏమైనా ఉన్నదా?" అని. ఉపాయాలున్నవి, వాటిని ఈ వ్యాసం చివర చెప్పుతాను. కాని ఆ రంగు చీరను దాటి ఒంటికి ఎంత అంటినదని, ఒంటి నుండి ఒడిలోని బిడ్డకు ఎంత చేరినదని అడిగినవారు బహు అరుదు. వైద్యునికి ముఖ్యమైన ప్రశ్న అదే.

ఇంట్లో చేతిపని చేసేటప్పుడు బట్టలపైన ఏప్రాన్ కట్టుకొనవలెనని నేను చాలాకాలంగా చెబుతున్నాను. విన్నవారిలో సగంమంది నవ్వుతారు. ఏప్రాన్ అనేది హోటల్ వంటవారికి, ఆసుపత్రి సిబ్బందికి, ఫ్యాక్టరీ కార్మికులకు సంబంధించిన వస్తువని, ఇంటి ఇల్లాలికి అది దొరసాని వేషమని వారి భావన. మిగిలిన సగంమంది నవ్వరుగాని, "మాకెందుకండీ, పాత నైటీ ఒకటి ఈ పనులకే ఉంచుకున్నాము" అంటారు. మొదటివారి కంటె ఈ రెండవవారి మాటకే నేను ఎక్కువగా భయపడతాను. పాత బట్ట కట్టుకోవడమూ ఏప్రాన్ కట్టుకోవడమూ ఒకటేనని అనుకోవడంలోనే చిక్కంతా ఉన్నది. ఏప్రాన్ ప్రయోజనం పని ముగిసిన క్షణాన దానిని విప్పివేయగలగడం. పాత నైటీని ఎవరూ విప్పరు. రంగులు వేసిన ఆ నైటీతోనే అన్నం వండుతారు, వడ్డిస్తారు, దానితోనే పక్కమీద పడుకుంటారు.

కొన్నేళ్ళ క్రితం, దీపావళికి ఇంకా నెల ఉన్నదనగా, మా పరిసర గ్రామం నుండి ఒక యువతి ఎనిమిది నెలల పసిపాపను తీసుకొని వచ్చింది. భర్త పాశమైలారంలో ఒక కంపెనీలో ఉద్యోగి. ఆమె ఇంటివద్దనే ప్రమిదలకు రంగులు వేసి డజన్ల లెక్కన దుకాణాలకు ఇస్తుంది. పాప ఎడమ చెంపపై, ఎడమ చెవి క్రింద ఎర్రని దద్దురు. అంతకుముందే రెండు రకాల పూతమందులు వాడారు. తగ్గడం, మళ్ళీ రావడం. కుడి చెంప మాత్రం చందమామవలె నిర్మలంగా ఉన్నది. ఆహారదోషం వల్ల వచ్చిన దద్దురైతే ఒక చెంపను వదలి మరొక చెంపను పట్టుకొనదు. పాపను ఎటువైపు ఎత్తుకుంటావమ్మా అని అడిగితే, ఎప్పుడూ ఒకే భుజంమీద, పాప ఎడమ చెంప తన మెడకూ ఎదకూ ఆనేటట్లు ఎత్తుకుంటానని చూపించింది. పనిచేసేటప్పుడు ధరించే బట్ట తెమ్మన్నాను. మర్నాడు ఆమె తెచ్చిన నైటీ ఎదభాగంలో రంగు పొరలు పొరలుగా పేరుకొని అట్టవలె బిరుసెక్కి ఉన్నది. మూట విప్పగానే థిన్నరు వాసన గది అంతా నిండినది. ఆ బట్టతోనే ఉదయం నుండి సాయంత్రం వరకు బిడ్డకు పాలిస్తున్నది.

"మంచి బట్టలు ఖరాబైతయని గదా అయ్యగారూ, పాతది ఏసుకున్నది?" అన్నది ఆమె. కన్నీరు పెట్టుకున్నది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. బట్టను కాపాడమని అందరూ ఆమెకు చెప్పారు, బట్ట నుండి బిడ్డను కాపాడమని ఎవరూ చెప్పలేదు.

నేను ఆమెకు వ్రాసిన చీటీలో మందు పేరు లేదు. పని చేసే చోటు వసారాలోకి మార్చవలెను, ముతక నూలు ఏప్రాన్ కట్టుకొనవలెను, పాలివ్వడానికి లేచినప్పుడెల్లా దానిని బయట కొక్కెానికి తగిలించి మోచేతుల వరకు కడుక్కొనవలెను, పాప చెంపకు కొబ్బరినూనె తప్ప మరేదీ రాయరాదు, ఇంతే. పది పన్నెండు రోజులలో చెంప మామూలైనది. ఆమె వాడుతున్న రంగుడబ్బా ఎక్కడిదో తెలియనందున పాపకు రక్తంలో సీసం పరీక్ష చేయించమని పిల్లల వైద్యుని వద్దకు కూడా పంపినాను. ఫలితం ఆందోళనకరంగా లేదు. అయినా ఎనిమిది నెలల శిశువుకు అటువంటి పరీక్ష చేయించవలసిన అగత్యం రావడమే విచారకరం. రక్తంలో సీసం ఇంతవరకు ఉండవచ్చునని చెప్పగల సురక్షిత ప్రమాణమేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసియున్నది.

ఇది ఆధునికుల భయమని, మన పూర్వులకు ఇటువంటి పట్టింపులు లేవని కొందరు పెద్దలు నాతో వాదిస్తారు. వారికి శాస్త్రమే సమాధానం. చరకుడు సూత్రస్థానంలో దినచర్యను వివరిస్తూ నిర్మలమైన వస్త్రం ధరించడం ఆయుష్షుకు, యశస్సుకు, మనఃప్రసన్నతకు హేతువని చెప్పినాడు. దానిని అలంకారంగా గాక ఆరోగ్యసూత్రంగా చెప్పినాడు. శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో నవజాత శిశువు పక్కబట్టలను గురించి ఆయన చూపిన శ్రద్ధ మరీ గమనింపదగినది. అవి మెత్తగా, తేలికగా, శుచిగా ఉండవలెనని. చెమట, మలినం, క్రిములు అంటినవాటిని విడిచివేయవలెనని. వేరే బట్టలు సమకూరనప్పుడు ఉన్నవాటినే చక్కగా ఉతికి, ధూపం పట్టి, పూర్తిగా ఆరిన తరువాతనే వాడవలెనని ఆదేశించినాడు. పేదవారి సంగతి కూడ తలచి చెప్పిన మాట అది. ఇక సుశ్రుతుని కల్పస్థానం మొదటి అధ్యాయంలో రాజుకు విషం ఏయే మార్గాల ద్వారా చేరవచ్చునో పట్టికగా ఉన్నది. అన్నపానాలతో ఆగక అభ్యంగన తైలం, స్నానజలం, పక్క, పాదుకలు, వస్త్రం కూడ అందులో చేర్చబడినవి. విషం సోకిన వస్త్రం వల్ల పొక్కులు, నొప్పి, స్రావం, చర్మం పక్వమగుట, జ్వరం కలుగునని లక్షణాలు సైతం చెప్పబడినవి. నోటి ద్వారా మాత్రమే విషం ప్రవేశిస్తుందని మన ఆచార్యులు ఎన్నడూ అనుకొనలేదు.

గ్రంథం మాట అటుంచి అనుభవం మాట చెబుతాను. నేను గురుకుల వాసంలో ఉన్నప్పుడు మా గురువుగారి మందులశాల ఇంటికి ఎడంగా, బావి పక్కన ఉండేది. శాల ముందరి వేపచెట్టు కొమ్మకు శిష్యులందరి పనిపంచెలు వరుసగా వ్రేలాడేవి. కషాయం కాచినా, తైలం వండినా, చూర్ణం జల్లించినా ఆ పంచె కట్టుకొని చేయవలసినదే. పని ముగియగానే దానిని కొమ్మకు తగిలించి, బావివద్ద స్నానం చేసి, పొడిబట్ట కట్టుకొని గాని ఇంటి అరుగు ఎక్కకూడదు. అన్ని మందులలోకి కఠినమైన నియమం నల్లజీడి శోధనకు. జీడిగింజలను ఇటుకపొడిలో వేసి గోనెసంచిలో రుద్ది, దానిలోని నూనెను ఇటుకపొడి పీల్చిన తరువాత వేడినీళ్ళతో కడగవలెను. ఆ రసం ఒంటికి తగిలితే వాపు, పొక్కులు, మంట. అందుచేత ముందుగానే మోచేతుల వరకు కొబ్బరినూనె పట్టించుకొనేవారం.

నాతోటి విద్యార్థి ఒకడు ఆ పని చేసిన రోజున భుజాన ఉన్న ఉత్తరీయాన్ని విడువక, దానితోనే సెలవుకు ఊరికి వెళ్ళినాడు. అతనికి ఏమీ కాలేదు. మరునాడు ఆ ఉత్తరీయాన్ని ఉతికిన చెల్లెలికి మాత్రం రెండు చేతులూ మోచేతుల దాకా వాచి, వారం రోజులు ముద్ద కలుపుకొనలేకపోయినది. నల్లజీడి ఎటువంటిదో ఆ బాలిక కంటితో కూడ చూచి ఉండదు.

ఆ నల్లజీడి రసమే పూర్వం రజకులు ఏ ఇంటి బట్ట ఏదో గుర్తించడానికి అంచున పెట్టే చుక్క. ఎన్ని ఉతుకులు ఉతికినా చెరగదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మన దేశంలో బస చేసిన అమెరికన్ సైనికులకు సరిగ్గా బట్టమీద ఆ గుర్తు తగిలే చోట, మెడ వెనుక, నడుమువద్ద, దురదతో కూడిన పొక్కులు వచ్చినవని, అందుకు ఈ చాకలి గుర్తే కారణమని వారి వైద్యులు కనుగొని పత్రికలలో ప్రకటించినారు. ఉతికి, ఆరవేసి, మడిచిన బట్టలోని ఒక చిన్న చుక్కకే అంత ప్రభావం ఉన్నప్పుడు ఉతకని నైటీ ఎదమీది రంగుపొర మాట వేరే చెప్పనేల?

పాశ్చాత్య వైద్యచరిత్ర కూడ ఈ మాటనే మరింత కఠినంగా చెబుతున్నది. లండన్‌లో పొగగొట్టాలు శుభ్రం చేసే కార్మికులకు వృషణాల చర్మంపై వచ్చే క్యాన్సర్‌కు, ఒంటికి అంటిపెట్టుకొని ఉండే మసి కారణమని పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు 1775లోనే వ్రాసినాడు. 1965లో అదే లండన్‌లో న్యూహౌస్, థామ్సన్ అనే ఇద్దరు వైద్యులు ఊపిరితిత్తుల పొరకు, ఉదరపు పొరకు వచ్చే ఒక అరుదైన క్యాన్సర్‌ను పరిశోధించినప్పుడు, రోగులలో కొందరు ఆస్బెస్టాస్ కర్మాగారం గడప ఎన్నడూ తొక్కనివారని తేలింది. వారి ఇంటిలోని మరొకరు అక్కడ పనిచేసేవారు. బట్టలకంటిన ధూళి ఇంటికి వచ్చేది, ఇల్లాలు ఆ బట్టలను దులిపి ఉతికేది. ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మా ప్రాంతపు పాఠకులకు ఇది కొత్త సంగతి కాకూడదు. పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం, ఈ వరుసలో ఏ వీధికి వెళ్ళినా ఇంటికొక కంపెనీ ఉద్యోగి కనిపిస్తాడు. ఏప్రాన్, చేతితొడుగులు, మూతికి గుడ్డ లేనిదే చాలా చోట్ల లోపలికి అడుగుపెట్టనివ్వరు. పనివారికి కడుక్కొనే వసతి ఉండవలెనని, పనివేళలో ధరించని బట్టలను భద్రపరచుకొనే చోటు గురించి, తడిసినవాటిని ఆరవేసే చోటు గురించి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 42, 43 సెక్షన్లు చేర్చబడినవి. అయినా ఒక కర్మాగారంలో పనిచేసే యువకుడు, అక్కడ బట్టలు ఉతికే ఏర్పాటు సరిగా లేక, పొడిమందు అంటిన యూనిఫారాన్ని వారానికొకసారి సంచిలో ఇంటికి తెచ్చేవాడు. అది పిల్లల బట్టలతో కలిసి ఒకే యంత్రంలో తిరిగేది. భార్య చేతుల దురదకు మందు కోసం వచ్చినప్పుడుగాని ఆ సంచి సంగతి బయటపడలేదు. విచిత్రమేమంటే, ఎనిమిది గంటలపాటు ఏప్రాన్ కట్టి రంగుల మధ్య, రసాయనాల మధ్య పనిచేసి వచ్చిన ఆ భర్తే, ఇంట్లో భార్య అదే రకపు రంగును ఒడిలో పెట్టుకొని ప్రమిదలకు పూస్తూ ఉంటే చూచి ఊరకుంటాడు. అది ఉద్యోగమట, ఇది కాలక్షేపమట. చర్మానికి ఈ తేడా తెలియదు.

ఇక పైటచెంగు. తెలుగింటి చెంగు మీద నాకు గల గౌరవం తక్కువది కాదు. వేడిగిన్నె దింపేది, చెమట తుడిచేది, బిడ్డ ముక్కు తుడిచేది, పసివాడి మీద ఎండ పడకుండా కప్పేది, చిల్లర డబ్బులు ముడివేసేది అన్నీ ఆ చెంగే. అన్ని పనులకూ అదే కాబట్టే రంగుల పనికి అది పనికిరాదు. మట్టి కలిపిన చేతిని తుడిచిన చెంగుతో మట్టి మాత్రమే వస్తే కడుక్కొనవచ్చును. ఎనామిల్ రంగు తుడిచిన చెంగుతో మరునిమిషంలో బిడ్డ మూతి తుడవడాన్ని ఏ తల్లీ తెలిసి చేయదు, చేయి అలవాటుకొద్దీ చేస్తుంది. ఏప్రాన్ కట్టుకొనగానే చెంగు లోపలికి వెళుతుంది. నా దృష్టిలో దాని మొదటి ఉపకారం ఇదే. నడుముకు వేరుగా ఒక తుండుగుడ్డ వ్రేలాడదీసుకొని చేతులు దానికే తుడుచుకొనడం అలవాటు చేసుకొంటే ఏప్రాన్ కూడ శుభ్రంగా మిగులుతుంది.

అన్ని చేతిపనులనూ ఒకే గాటన కట్టరాదు. మట్టి వినాయకుని చేయడానికి ఏప్రాన్ లేకపోయినా ప్రమాదమేమీ లేదు, మట్టి మంచిదైతే. మా సీమలో ఆ 'అయితే' పెద్దది. నక్కవాగు మీదుగా మంజీరలో కలిసే పరిశ్రమల మురుగును గురించి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి వెలువడిన, శుద్ధిచేసినట్లు చెప్పబడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించినప్పుడు ప్రపంచమంతా మా ఊళ్ళ వైపు చూచినది. అటువంటి వాగుల ఒడ్డు మట్టితో పిల్లలచేత విగ్రహాలు చేయించవద్దు. మట్టి ఎక్కడిదని కుమ్మరిని అడిగి తీసుకోండి. మన రుద్రారం గణేశ్ గడ్డ స్వామికి మ్రొక్కుకొని చవితికి మట్టి ప్రతిమనే పెట్టుకుందామనుకొనే ఇళ్ళు ఏటేటా పెరుగుతున్నందుకు నాకు సంతోషమే. కాని ప్రతిమ మట్టిది, పైపూత మాత్రం డబ్బాలోని రంగు అయితే ఆ సంతోషం సగమే. విగ్రహాల నిమజ్జనం గురించి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో ఇచ్చి 2020లో సవరించిన మార్గదర్శకాలలో ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో పాటు విషపూరితమైన రంగులను కూడ వద్దన్నారు. చెరువు కోసం చెప్పిన ఆ మాట ముందుగా రంగు పూసే చేతికి వర్తిస్తుంది.

మన ఇళ్ళలో రంగులకు కొరత లేదు. గోడకు పూసే జాజు, సున్నం, పసుపు, కుంకుమ, మోదుగుపూల కషాయం, పాలకూర రసం, ప్రతిమకు ఇవి చాలును. కుంకుమ అన్నప్పుడు పసుపును నిమ్మరసం, వెలిగారం, పటికతో చేసిన కుంకుమ అని నా ఉద్దేశం. సింధూరం వేరు, అసలైన సింధూరం సీసపు సమ్మేళనం. వైద్యుడు దానిని పేరు చూచి, తూకం చూచి వాడుతాడు. ఇల్లాలు దానిని రంగుగా కలపరాదు. సున్నం మాత్రం సహజమైనదైనా సాధువు కాదు. కంట పడితే ఆముదమో, పాలో వెదకుతూ కూర్చోక, వెంటనే ధారగా మంచినీళ్ళతో చాలాసేపు కడిగి, కంటి వైద్యుని వద్దకు పరుగెత్తవలెను. ఇంటివైద్యం చెప్పే నేనే ఈ మాట చెబుతున్నాను.

డబ్బా రంగుల విషయానికి వస్తే, ఇళ్ళకు, అలంకరణకు వాడే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించరాదని 2016లో నియమావళి వచ్చి 2017 నవంబరు నుండి అమలులో ఉన్నది. కనుక డబ్బామీద ఆ సంగతి చూచి కొనండి. పారిశ్రామిక రంగులు ఈ నియమం పరిధిలోనివి కావు. మన ప్రాంతంలో యంత్రాలకు, గేట్లకు పూయగా మిగిలిన రంగును చవకగానో ఉచితంగానో ఇంటికి తెచ్చి పూలకుండీలకు, ప్రమిదలకు వాడే అలవాటు కనిపిస్తున్నది. పొదుపు మంచిదేగాని ఈ పొదుపు వద్దు.

ఈ మధ్య ఆడపిల్లలు రెజిన్ పోసి తాళపుచెవుల గొలుసులు, ఫోటో చట్రాలు చేస్తున్నారు. చూడ ముచ్చటగానే ఉన్నవి. ఆ ద్రవం గట్టిపడకముందు చర్మానికి పదేపదే తగిలితే ఒంటికి పడకపోవడం మొదలై, ఒకసారి మొదలైనదంటే ఆ తరువాత కొద్దిగా తగిలినా దద్దురు లేస్తుంది. నూలుగుడ్డ దానిని పీల్చి ఒంటికే చేరుస్తుంది. దానికి, సబ్బుల తయారీలో వాడే కాస్టిక్ సోడాకు మాత్రం నూలు ఏప్రాన్‌పై ప్లాస్టిక్ ఏప్రాన్, చేతికి తొడుగులు, కంటికి అద్దాలు కావలెను. మైనపు కొవ్వొత్తులు పోసేటప్పుడు ఇందుకు విరుద్ధం. నిప్పు దగ్గర ప్లాస్టిక్, పాలియెస్టర్, నైలాన్ తగదు. కరిగి చర్మానికి అతుక్కుంటుంది. అక్కడ ముతక నూలే శరణ్యం. గునుగు పూలకు రంగువేసే పనిలో బట్టకు జరిగే నష్టమే తప్ప ఒంటికి పెద్ద ప్రమాదం లేదుగాని, రంగుపొడిని నీళ్ళలో కలిపేటప్పుడు ఎగిరే ధూళిని పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకొంటే మంచిది.

ఏప్రాన్ కొనవలసిన పని లేదు. పాత నూలు దుప్పటి ఒకటి చాలు. కంఠం క్రింది నుండి మోకాళ్ళకు జానెడు క్రిందవరకు, వెడల్పు రెండు పక్కలా నడుము చుట్టి వెనుకకు పోయేటంత ఉండవలెను. నాడాలు జారుముడి వేయదగినట్లు ఉండవలెను. మరిగే మైనమో, నిప్పురవ్వో పడినప్పుడు ఒక్క లాగుతో ఊడి రావలెను గదా. జేబు పెట్టవద్దు. జేబులో పొడి చేరుతుంది, తరువాత పిల్లవాని చేయి చేరుతుంది. రంగు విషయంలో మా ఇంటిలోని ఆడవారితో సహా చాలామందితో నాకు భేదాభిప్రాయం ఉన్నది. ముదురు రంగుదైతే మురికి కనబడదని వారంటారు. నేను తెల్లనిదే కావలెనంటాను. మురికిని దాచే బట్టను రెండు నెలలైనా ఉతకరు. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యభాగం దాకా ఐరోపా శస్త్రవైద్యులు రక్తం ఎండి కరకరలాడే నల్లకోటుతోనే కోతకు దిగేవారు. కోటు ఎంత మరకలమయమైతే అంత అనుభవజ్ఞుడని ప్రతిష్ఠ. థామస్ ఈకిన్స్ అనే అమెరికన్ చిత్రకారుడు 1875లో వేసిన శస్త్రచికిత్స చిత్రంలో వైద్యులు నల్లకోట్లలో ఉంటారు, 1889లో వేసిన చిత్రంలో తెల్లని పైవస్త్రాలలో ఉంటారు. ఆ పదునాలుగేళ్ళలో మారినది వస్త్రధారణ ఒక్కటే కాదు, మరకను గురించిన అభిప్రాయం. మా గురుకులంలో కూడ కషాయపు మరకల పంచెను బిరుదువలె భావించే మిత్రులు ఉండేవారు. గురువుగారు అటువంటి పంచెను చూచిన మరుక్షణం బావివైపు వ్రేలు చూపించేవారు.

ఏప్రాన్‌ను ఇంటి బట్టలతో కలిపి ఉతకరాదు. బయటనే దులపక, మొదట తడిపి, వేరే తొట్టిలో కుంకుడుకాయ రసంతోనో సబ్బుతోనో జాడించి ఎండలో ఆరవేయవలెను. పొడిగా దులిపితే ఆ ధూళి దులిపినవారి ముక్కులోకే పోతుంది. మురికి నీటిని తులసికోటలోకి, కూరగాయల మడిలోకి పోయరాదు.

మొదట వాగ్దానం చేసిన మరకల సంగతి. పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. కంగారు పడవద్దు, క్షారానికి పసుపు గుణం అది, కుంకుమ ఎర్రబడడంలో రహస్యమూ అదే. ఉతికి నేరుగా ఎండ తగిలేటట్లు రెండు మూడు పూటలు ఆరవేస్తే చాలావరకు వెలిసిపోతుంది. మట్టి మరకను తడిగా ఉండగా రుద్దక, ఎండిన తరువాత విదిలించి ఉతకవలెను. మైనమైతే గట్టిపడనిచ్చి గీకి, పైన క్రింద కాగితం పెట్టి ఇస్త్రీ చేస్తే మిగిలినది కాగితానికి ఎక్కుతుంది. ఒంటికి అంటిన నూనెరంగుకు కిరోసిన్ వాడవద్దు. అది చర్మంలోని సహజమైన జిడ్డును హరించి పగుళ్ళు తెస్తుంది, మంటకు దగ్గరైతే ప్రాణానికే ముప్పు. నువ్వులనూనె గాని కొబ్బరినూనె గాని పట్టించి, కొంతసేపు మృదువుగా మర్దించి, శనగపిండితో రుద్ది గోరువెచ్చని నీటితో కడిగితే పోతుంది. పని మొదలు పెట్టకముందే మోచేతుల వరకు, గోళ్ళ అడుగున సన్నగా నూనె పట్టించుకొంటే రంగు పట్టనే పట్టదు. చేతితొడుగులు వేసుకొనే పనులకు మాత్రం ఈ నూనె వద్దు. గోరింట మరకకు, నల్లజీడి మరకకు నా వద్ద ఉపాయం లేదు. నల్లజీడి సోకిన బట్టనైతే ఉతికించడానికి కూడ ఎవరికీ ఇవ్వక పారవేయండి.